నెమ్ము

ఎక్స్‌రే గదిలో నాకు మొదట నేర్పింది
నలుపే ఆరోగ్యమని.
గాలి నల్లగా పడుతుంది, ఎముక తెల్లగా.
ఉండకూడని చోట తెలుపు కనిపిస్తే
డాక్టరు ఇంగ్లీషులో రాస్తారు,
వరండాలో కూర్చున్నవాళ్ళకు నేను చెప్తాను:
"నెమ్ము చేసిందమ్మా."

ఆ మాట నాకు ఆసుపత్రి ఇవ్వలేదు.
మా నాయన, చెంగల్రాయుడు మేస్త్రీ ఇచ్చినాడు.
గిరింపేట, సంతపేట, మురకంబట్టు దాకా
ఎవరింటి గోడ ఉబ్బినా ఆయనకే కబురు.
సున్నం పొక్కిన చోట చెవి ఆనించి
వేలి కణుపుతో కొట్టేవాడు.
"ఆరిన గోడ పలుకుతాది, తడిసింది మూలుగుతాది.
పైన రంగు పూస్తే పోదు సామీ,
నీళ్ళు యాడనించి వస్తాండాయో ముందు చూడల్ల."

పైకప్పు పగులో, పునాదిలో ఊటో,
గోడ లోపల చీలిన పైపో,
పక్కింటివాళ్ళ తొట్టో.
మరక ఒకటే. దోవలు వేరు.

కార్తీకం. మద్రాసు మీద వాయుగుండం,
చిత్తూరులో మూడు రోజులుగా ముసురు.
నీవా నది ఒక పూట నిజంగా నదిలా పారింది.
పెద్దాసుపత్రిలో నా తలుపు ముందు వరస.

బంగారుపాళ్యం మండీలో మూటలు మోసే మనిషి.
నిన్న పొద్దున వణుకు, రాత్రికి పక్కలో పోటు,
కళ్ళెలో తుప్పు రంగు.
కుడి ఊపిరితిత్తిలో ఒక్క గది
సున్నం కొట్టినట్టు తెల్లగా,
గీత గీసినట్టు అక్కడే ఆగింది.
బాక్టీరియా పని ఇలాగే ఉంటుంది చాలాసార్లు,
మొరటుగా వస్తుంది, వేళకి మందు పడితే దిగుతుంది.

వెనకే పాలిటెక్నిక్ పిల్లోడు,
పదిహేను రోజుల పొడిదగ్గుతో క్రికెట్ ఆడి వచ్చాడు.
వాడి ఫిల్ము వాడికంటే జబ్బుగా ఉంది.
నడిచే నెమ్ము అంటారు.
"పడుకోరా" అంటే నవ్వాడు.

ఎనిమిది నెలల పాపకు ఫిల్ముతో పనేముంది?
గౌను పైకెత్తితే చాలు,
ఊపిరి లాగినప్పుడల్లా డొక్కలో గుంట.
నిమిషానికి అరవై రెండు, లెక్కపెట్టింది సెలీనా సిస్టరు.
"తలకి నీళ్ళు పోసినందుకా మేడం?"
కాదమ్మా, నీళ్ళు కాదు, వాన కాదు.
వాళ్ళక్క బడి నుంచి మోసుకొచ్చిన జలుబు,
ఒకే గదిలో ఆరుగురు, మూలన కట్టెల పొయ్యి.
వైరస్ అయితే యాంటీబయాటిక్
నెమ్ము గోడకు వేసిన రంగే.
ఇదంతా చెప్పాలనుకున్నాను.
చెప్పేలోపు ఆక్సిజన్ దగ్గరికి పరిగెత్తింది.

మధ్యాహ్నం మా నాయన.

రెండేళ్ళ కిందట పక్షవాతం గొంతునీ తాకింది.
మొన్న సంగటి ముద్ద పొలమారితే
మునెమ్మత్త నడినెత్తిన తట్టి
"ఎవరో తలచుకుంటాండారు" అన్నది.
జ్వరం లేదు. దగ్గూ లేదు.
ముసలి ఒళ్ళు నెమ్మును కేక వేసి చెప్పదు.
తెల్లారి మంచం మీద కూర్చుని
"సారవ కట్టినారా? తాపీ యాడ?" అని
నన్ను అడిగాడు, నేనెవరో తెలియకుండానే.

హుమేరా డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టకముందే
ఆయన వీపు మీద ఎడమ వేలు ఆనించి
కుడి వేలితో కొట్టింది.
పైనుంచి కిందికి, ఒక్కో బెత్తెడు.
పలికింది. పలికింది.
కుడి పక్క అడుగున మూలిగింది.

నాయన తల తిప్పినాడు.
రెండు రోజుల్లో మొదటిసారి కళ్ళు నిలిచాయి.
"ఆడ తడుండాది పాపా,
నీళ్ళు యాడనించి వస్తాండాయో చూడు."

"చూస్తాం తాతా" అన్నదామె.

ఆ తర్వాత నా బల్ల, నా బొత్తాం.
గాలి పీల్చు నాయనా, బిగబట్టు.
ఇరవై ఏళ్ళుగా రోజుకు వందసార్లు అనే మాట
ఇవాళ నేనూ బిగబట్టినాను.
వదులు అనడం మర్చిపోతే
ఆయనే వదిలేసి దగ్గినాడు.
ఆ దగ్గు బలంగా ఉందని సెలీనా సంబరపడింది.

మెతుకు దారి తప్పిన చోట
అరచేతి వెడల్పు తెల్లదనం.
వరండాలో మునెమ్మత్త
ఆ పూట ఎవరు తలచుకుని ఉంటారా అని
ఊరూరా చుట్టాలను లెక్కేస్తానే ఉంది.